పుస్తకాల జాబితా యాప్: డైలాగ్ పెట్టెతో మూడు వారాలు

నా పుస్తకాల జాబితా యాప్‌లో ఎడిట్‌కొకటి, డిలీట్‌కొకటి మోడల్ డైలాగ్ (మూసేదాకా వెనక పేజీని పనిచేయనివ్వని పెట్టె) పెడదామని కూర్చున్నాను. ఒక పూట పని అనుకున్నా. పెట్టె తెరవడానికి నిజంగానే అరగంట చాలింది. మిగతా రోజులన్నీ దాన్ని సరిగ్గా మూయడానికే పోయాయి.

మొదటి వారం

అలవాటు కొద్దీ ఒక డివ్ (పేజీలో మామూలు డబ్బా), దాన్ని స్క్రీన్‌కి అతికించే పొజిషన్ ఫిక్స్‌డ్, మిగతావాటికి పైన ఉంచే జెడ్-ఇండెక్స్ 9999. తెరిచి చూస్తే పెట్టె స్క్రీన్ మధ్యలో లేదు, పుస్తకం కార్డులోనే ఇరుక్కుని ఉంది. హోవర్ యానిమేషన్ కోసం కార్డుకు ఇచ్చిన ట్రాన్స్‌ఫార్మ్ (ఎలిమెంట్‌ని కదిపే, సాగదీసే స్టైల్) వల్ల వచ్చిన తంటా అది. చుట్టూ ఉన్న ఎలిమెంట్‌కు ట్రాన్స్‌ఫార్మ్ ఉంటే లోపలి ఫిక్స్‌డ్ పెట్టె స్క్రీన్‌ని వదిలేసి దాన్నే ఆధారం చేసుకుంటుంది. జెడ్-ఇండెక్స్ ఎంత పెంచినా లాభం లేదు. ఇంకో రెండు తొమ్మిదులు తగిలించి కూడా చూశాను, అది వేరే విషయం.

పైగా ట్యాబ్ కొడుతుంటే ఫోకస్ (కీబోర్డు నొక్కులు అందుకునే చోటు) పెట్టె దాటి వెనక పేజీలోకి జారిపోతోంది. దాన్ని ఆపడానికి రాసిన 40 లైన్ల స్క్రిప్టు, సేవ్ బటన్ డిసేబుల్ కాగానే చేతులెత్తేసింది. అంతా పీకేశాను.

రెండో వారం

బ్రౌజర్ ఇచ్చే డైలాగ్ ట్యాగ్‌కు మారాను. క్రోమ్‌లో ఇది 2014 నుంచే ఉంది; ఫైర్‌ఫాక్స్, సఫారీల్లోకి 2022 మార్చిలో వచ్చింది. షోమోడల్ అనే ఫంక్షన్‌తో తెరిస్తే పెట్టె టాప్ లేయర్‌లోకి, అంటే పేజీలో అన్నిటికన్నా పై పొరలోకి, వెళ్తుంది కాబట్టి జెడ్-ఇండెక్స్ గొడవే లేదు. వెనకున్న పేజీ క్లిక్‌కీ ట్యాబ్‌కీ పలకదు. ఒట్టి షోతో తెరిస్తే మాత్రం ఇవేవీ రావు.

వెనక పేజీ స్క్రోల్ అవడం అదంతట అది ఆగదు. పెట్టె తెరిచి ఉన్నంతసేపూ బాడీకి ఓవర్‌ఫ్లో హిడెన్ పెట్టాను. స్క్రోల్‌బార్ మాయమై పేజీ పక్కకు గెంతుతుంటే, స్క్రోల్‌బార్ చోటుని ఎప్పుడూ ఖాళీగా ఉంచే స్క్రోల్‌బార్-గట్టర్ స్టేబుల్‌తో సరిపోయింది.

మూడో వారం

అసలు కథ ఇక్కడుంది. పెట్టె బయట క్లిక్ చేస్తే మూసుకోవాలి; బయటి క్లిక్ కూడా డైలాగ్ మీద పడ్డట్టే లెక్క కాబట్టి, క్లిక్ టార్గెట్ డైలాగే అయితే క్లోజ్ అని రాశాను. ప్యాడింగ్ (పెట్టె అంచుకి లోపలున్న ఖాళీ) మీద నొక్కినా మూసుకుంటోంది కాబట్టి ప్యాడింగ్‌ని లోపలి డివ్‌కు మార్చాను. అయినా అప్పుడప్పుడూ దానంతటదే మూసుకుపోతోంది! చాలాసేపటికి దొరికింది: పుస్తకం పేరు సెలెక్ట్ చేస్తూ మౌస్‌ని ఎడమకు లాగి, పెట్టె బయట వదులుతున్నాను. నొక్కింది ఇన్‌పుట్‌లో, వదిలింది బయట. అప్పుడు ఆ రెండింటికీ ఉమ్మడిగా పైనున్న ఎలిమెంట్ మీద, అంటే డైలాగ్ మీద, క్లిక్ పడుతుంది. ఇప్పుడు మౌస్‌డౌన్ (మౌస్ బటన్ నొక్కడం) కూడా డైలాగ్ మీదే మొదలైతేనే మూస్తున్నాను.

ఎస్కేప్ కొడితే సగం రాసిన నోట్స్ గల్లంతు. ఎస్కేప్ కొట్టగానే వచ్చే క్యాన్సిల్ ఈవెంట్‌ని అడ్డుకున్నాను గానీ, క్రోమ్‌లో వెంటనే రెండోసారి ఎస్కేప్ కొడితే ఎలాగూ మూసుకుంటుంది. నాకూ అదే న్యాయం అనిపించింది; వాడేవాళ్ళని లోపల పెట్టి తలుపు వేయడమేంటి? అడ్డుకోవడం మానేసి, టైప్ చేసిందాన్ని సెషన్ స్టోరేజ్‌లో (ఆ ట్యాబ్ మూసేదాకా బ్రౌజర్ గుర్తుంచుకునే చోట) దాస్తున్నాను. మళ్ళీ తెరిస్తే అలాగే ఉంటుంది.

డిలీట్ పెట్టెలో ఆటోఫోకస్ "వద్దు" బటన్‌కే ఇచ్చాను. తొందరలో ఎంటర్ కొట్టే చెయ్యి నాది. మూసినప్పుడు ఫోకస్ తెరిచిన బటన్ దగ్గరికే తిరిగి వెళ్తుంది, బాగానే ఉంది. కానీ పుస్తకంతో పాటు ఆ బటనే పోతే? మౌస్ పక్కన పెట్టి ఎన్‌వీడీఏతో (స్క్రీన్ మీదున్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) వింటే, ఎక్కడున్నానో నాకే అర్థం కాలేదు. ఇప్పుడు తర్వాతి పుస్తకం మీదికి, అదీ లేకపోతే జాబితా శీర్షిక మీదికి ఫోకస్ పంపుతున్నాను. శీర్షిక మామూలుగా ఫోకస్ తీసుకోదు కాబట్టి, దానికి ట్యాబ్‌ఇండెక్స్ మైనస్ 1 ఇవ్వాల్సి వచ్చింది.

ఇక కవర్ బొమ్మ ఎంచుకునే పని మిగిలింది. డైలాగ్ మీద ఇంకో డైలాగ్ తెరవొచ్చు గానీ, ఏ ఎస్కేప్ దేన్ని మూస్తుందో గుర్తుపెట్టుకునే ఓపిక నాకు లేదు. ఎడిట్ పెట్టెలోనే ఒక భాగంగా పెట్టేస్తాను.