అమ్మమ్మకి కాశీమజిలీలు

వారం రోజుల్నించి రాత్రిళ్ళు అమ్మమ్మకి కాశీమజిలీ కథలు చదివి వినిపిస్తున్నా, చిన్నప్పుడు డాబా మీద పడుకోబెట్టి నాకు చెప్పింది తనే, ఇప్పుడు కళ్ళు సరిగ్గా కనపడట్లేదు కాబట్టి డ్యూటీ నాది. మధిర సుబ్బన్న దీక్షితులు గారివి, మొత్తం 12 భాగాలు. మణిసిద్ధుడనే యతి కాశీకి నడిచి వెళ్తూ ఓ పశువుల కాపరి కుర్రాణ్ణి తోడు రమ్మంటే, వాడేమో దారిలో ఏ వింత కనపడినా దాని కథ చెప్తేనే వస్తానంటాడు, ఇక అక్కణ్ణుంచి రాజకుమారులు, మాంత్రికులు, గంధర్వులు, ప్రేమలు, ఎడబాట్లు, ఒక కథలోంచి ఇంకో కథ, ఆపడం నా వల్ల కావట్లేదు. ఎంత ఊహ అసలు ఆయనది! భాష పాత గ్రాంథికం, నాకు నాలిక తిరగదు. నేను తడబడిన మాటని అమ్మమ్మ కళ్ళు మూసుకునే అందిస్తుంది.

నిన్న రాజకుమార్తె విడిపోయిన ప్రియుణ్ణి గుర్తుపట్టే చోట గట్టిగా నా చెయ్యి పట్టుకుంది, వేళ్ళకి వక్కపొడి వాసన. "ఆగరా, ఆ ముక్క మళ్ళీ చదువు" అంది. మూడుసార్లు చదివా. కాగితాల అంచులు పొడిపొడిగా దుప్పటి మీద రాలుతున్నాయి, అయినా ఫోన్‌లో చదువుతానంటే ఒప్పుకోదు, పేజీ తిప్పిన చప్పుడు వినపడాలంట. ఇవాళ రెండో భాగం మొదలు.