ఒక రాత్రి, ఒక పగలు, మూడంగుళాల బెజ్జం

మెషిన్ షాపులో బతికినవాడికి ఏ కథ చెప్పినా ముందు పనిముట్ల సంగతే అడుగుతాడు. నేనూ అంతే. 1920లో మునిగిన అమెరికా జలాంతర్గామి ఎస్-5 గురించి ఎక్కడ చదివినా దాని కెప్టెన్ కొట్టిన ఓ డైలాగు గురించే రాస్తారు. అది బాగానే ఉంటుంది, చెప్తాను. కానీ నా బుర్రలో తిరిగేది వేరే: తలకిందులుగా నిలబడ్డ ఇనుప గొట్టంలో, గాలి తరిగిపోతుంటే, ఒక రాత్రీ ఒక పగలూ ఒకరి తర్వాత ఒకరు డ్రిల్ తిప్పితే చివరికి తేలింది మూడంగుళాల బెజ్జం. ఇనుము సంగతి తెలిసినవాళ్లకి ఆ అంకె చాలు.

ఎస్-5 పోర్ట్స్‌మత్ నేవీ యార్డులో తయారైంది. నౌకాదళంలో చేరింది 1920 మార్చిలో. మొదటి ప్రపంచ యుద్ధం అప్పటికే అయిపోయింది కాబట్టి దానికి శత్రువులంటూ ఎవరూ లేరు. ఆగస్టు చివర్లో బోస్టన్ నుంచి బాల్టిమోర్ బయలుదేరింది. ఊరూరా జనానికి కనిపిస్తే కుర్రాళ్లు నేవీలో చేరతారని ఆశ. దారిలో ఇంజన్ల పరీక్షలు కూడా కానిచ్చేయాలి. సెప్టెంబర్ 1 మధ్యాహ్నం, డెలావేర్ తీరానికి దూరంగా, కెప్టెన్ చార్లెస్ కుక్ డైవ్ ఆర్డర్ ఇచ్చాడు.

ఇక్కడ ఒక వాల్వ్ గురించి చెప్పకపోతే కథ అర్థం కాదు. నీటి మీద నడిచేటప్పుడు ఆ పడవ డీజిల్ ఇంజన్లతో నడుస్తుంది. ఇంజన్లకు గాలి కావాలి. అది పైనుంచి ఒక పెద్ద గొట్టంలో వస్తుంది, ఆ గొట్టానికి మూత మెయిన్ ఇండక్షన్ వాల్వ్. మునిగే ముందు మూసేయాలి. మరీ ముందే మూస్తే ఇంకా తిరుగుతున్న ఇంజన్లు లోపలి గాలంతా పీల్చేస్తాయి. కాస్త ఆలస్యమైతే సముద్రమే లోపలికొస్తుంది. ఈ రెండింటి మధ్య ఉన్నది కొన్ని సెకన్లు. ఆ సెకన్లలో వాల్వ్ దగ్గరున్న మనిషి దృష్టి మరో పని మీదికి మళ్లింది. తేరుకుని లివర్‌ని బలంగా లాగేసరికి అది కాస్తా బిగుసుకుపోయింది.

ఆయన్ని తిట్టడం తేలిక. నేను మాత్రం ఆయన్ని తిట్టలేను. ఒక్క మనిషి చెయ్యి, ఒక్క లివర్, నాలుగు క్షణాలు. వీటి మీద పడవ మొత్తం ఆధారపడేలా డ్రాయింగ్ గీసినవాళ్లను ముందు అడగాలి.

నీళ్లు గాలి గొట్టాల్లోంచి గదుల్లోకి దూకాయి. ముందున్న టార్పెడో గదిని కాపాడలేక, అందులోవాళ్లు బయటికొచ్చి తలుపు బిగించారు. ముక్కు బరువెక్కి ఎస్-5 అడుగుకి చేరింది. అక్కడ లోతు సుమారు 180 అడుగులు. సాయం కోసం కబురు పెట్టే దారి లేదు. లోపల నలభై మందికి కాస్త అటూ ఇటూగా ఉన్నారు. అంత లోతు నుంచి మనుషుల్ని పైకి తెచ్చే పరికరం అప్పటికి ఏ నౌకాదళం దగ్గరా లేదు.

ముందు భాగం ఎలాగూ లేవదు. అందుకని కుక్ వెనక ట్యాంకుల్లోని నీటిని గాలితో బయటికి నెట్టించాడు. తోక ఒక్కసారిగా పైకి లేచింది. లోపల వెనక వైపున్న నీళ్లు, విడి సామాను, మనుషులు, అన్నీ ముందు వైపుకి జారిపోయాయి. సముద్రపు నీళ్లు బ్యాటరీలను తాకాయి. ఉప్పు నీళ్లు, బ్యాటరీ యాసిడ్ కలిస్తే క్లోరిన్ పుడుతుంది, ఊపిరితిత్తుల్ని కాల్చేసే వాయువు. నిచ్చెనలా నిలబడ్డ పడవలో ఒకర్నొకరు పైకి లాక్కుని, బ్యాటరీ గది తలుపు మూసేసుకుని, తోక వైపు ఎక్కారు.

ఇప్పుడు లెక్క చూడండి. పడవ పొడవు 231 అడుగులు. దాదాపు 60 డిగ్రీల కోణంలో నిలబడింది. 231ని 0.866తో గుణిస్తే 200 అడుగులు. లోతు 180. అంటే ఓ ఇరవై అడుగుల తోక నీటి పైన ఉండాలి. లోపలివాళ్లు గోడ మీద తట్టుకుంటూ పైకి వెళ్లారు. నీళ్లున్న చోట ఒక చప్పుడు, గాలి ఉన్న చోట ఇంకో చప్పుడు. అలా విని వాళ్లు తేల్చింది 17 అడుగులు. ఇంటర్మీడియట్ త్రికోణమితికీ, చీకట్లో సుత్తి చప్పుడుకీ మూడే అడుగుల తేడా! అదే పడవ 240 అడుగుల లోతులో మునిగి ఉంటే నిట్టనిలువునా నిలబడ్డా కొస బయటికి వచ్చేది కాదు.

ఇక బెజ్జం. ఇనుము కోసే సరంజామా పడవలో లేదు. మూడంగుళాల డ్రిల్ బిట్ అలాంటి పడవలో ఉండదు కాబట్టి ఈ పనికి పద్ధతి ఒకటే: చిన్న బెజ్జాలు పక్కపక్కనే వేసుకుంటూ పోయి, మధ్యలో మిగిలిన ఇనుముని ఉలితో కొట్టేయడం. మా షాపులో బల్ల మీద వైసులో ప్లేటు బిగించి, పైన ఫ్యాను తిరుగుతుంటే చేసినా విసుగొచ్చే పని అది. కాళ్లు ఆనించడానికి నేల ఉంటే చెయ్యి బరువు డ్రిల్ మీద పడుతుంది. వాళ్లకి నేలే లేదు. పైగా బలం పెట్టేకొద్దీ ఊపిరి ఎక్కువ కావాలి, ఊపిరి తీసేకొద్దీ గాలి తరిగిపోతుంది. వంతులు వేసుకుని తిప్పారు. బెజ్జం పడ్డాక ఒక గొట్టం చివర తెల్ల చొక్కా కట్టి బయటికి తోశారు.

సెప్టెంబర్ 2 మధ్యాహ్నం దాటాక అలాంథస్ అనే స్టీమరు అటుగా పోతూ దాన్ని చూసింది. ఆ చోట బోయా (ఓడలకు గుర్తుగా నీటి మీద తేలేలా కట్టే పీపా లాంటిది) ఉండకూడదే అని అనుమానం వచ్చి వెనక్కి తిరగడం వాళ్ల అదృష్టం. స్టీమరు కెప్టెన్ బెజ్జం దగ్గరికొచ్చి ఏ ఓడ అని అడిగాడు. ఎస్-5. ఏ దేశం? అమెరికా. ఎక్కడికి పోతున్నారు? కుక్ జవాబు: “దిక్సూచి ప్రకారం, నరకానికి!” ఇదే ఆ డైలాగు.

అలాంథస్‌లో రేడియో లేదు, కోత పనిముట్లూ లేవు. తోకకు తాళ్లు కట్టి, లోపలికి గాలి పంపు పెట్టి, జెండాలు ఎగరేశారు. వాటిని చూసి వచ్చిన పెద్ద ఓడ జనరల్ గోథల్స్. పనామా కాలువ తవ్వించిన ఇంజనీరు పేరు దానిది. మనుషుల్ని బయటికి తీసింది కూడా ఆ ఓడ చీఫ్ ఇంజనీరే, విలియం గ్రేస్. అదే పద్ధతి: వరసగా బెజ్జాలు, ఆ తర్వాత సుత్తి దెబ్బలు. సెప్టెంబర్ 3 తెల్లవారుజామున ఒక్కొక్కరే బయటికి పాకారు. అందరూ బతికారు. చివరగా వచ్చినవాడు కుక్. పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగిన రోజున పెన్సిల్వేనియా అనే యుద్ధనౌక కెప్టెన్ ఈయనే, తర్వాత అడ్మిరల్ దాకా ఎదిగాడు.

అందరూ బతికితే పాఠాలు ఎవరికీ పట్టవేమో. 1925లో ఎస్-51 ఒక స్టీమరు గుద్ది మునిగితే 33 మంది పోయారు. 1927లో ఎస్-4 మునిగితే 40 మంది. అందులో ఆరుగురు ముందు గదిలో చిక్కుకుని లోపలినుంచి తట్టుతూనే ఉన్నారు, పైన తుఫానులో ఎవరూ ఏమీ చేయలేకపోయారు. ఆ తర్వాతే నౌకాదళం కదిలి, కిందికి దించి మనుషుల్ని ఎక్కించుకొచ్చే గంట ఆకారపు గదిని తయారు చేసింది.

1939 మేలో అది పనికొచ్చింది. స్క్వాలస్ అనే కొత్త జలాంతర్గామి మే 23న పరీక్షల్లో మునిగింది. తయారైంది పోర్ట్స్‌మత్‌లోనే. కారణం? మెయిన్ ఇండక్షన్ వాల్వ్ తెరుచుకుని ఉంది. ప్యానెల్ మీద లైట్లన్నీ మాత్రం మూసి ఉన్నట్టు పచ్చగా వెలుగుతున్నాయి. 19 ఏళ్ల తర్వాత మళ్లీ అదే వాల్వ్! ఇది చదివి నాకు నిజంగా కోపమొచ్చింది. వెనక గదుల్లో 26 మంది పోయారు. మిగతా 33 మందిని 240 అడుగుల లోతు నుంచి ఆ గంట ఆకారపు గదిలో నాలుగు విడతలుగా పైకి తెచ్చారు.

స్క్వాలస్‌ను లేపి, బాగుచేసి, సెయిల్‌ఫిష్ అని పేరు మార్చి రెండో ప్రపంచ యుద్ధానికి పంపారు. ఎస్-5కి ఆ అదృష్టం లేదు. ఒహాయో అనే యుద్ధనౌక దాన్ని తీరానికి లాక్కెళ్తుండగా మళ్లీ మునిగింది. లేపడానికి మరికొన్నాళ్లు ప్రయత్నించి, 1921లో లెక్కల్లోంచి కొట్టేశారు. న్యూజెర్సీ దగ్గర, కేప్ మే తీరానికి దూరంగా పడి ఉన్న దాన్ని 2001లో ఒక సర్వే నౌక కనిపెట్టింది.