గురుకులం గ్రౌండ్ నుంచి ఇంటర్ యూనివర్సిటీ మీట్ దాకా: హెప్టాథ్లాన్‌తో నా అనుభవం

హెప్టాథ్లాన్ అంటే ఏమిటని ఇప్పటికీ నన్ను అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు కనుక ముందుగా అదే చెబుతాను. ఇది రెండు రోజుల్లో ఏడు ఈవెంట్ల పోటీ. మొదటి రోజు 100 మీటర్ల హర్డిల్స్, హైజంప్, షాట్‌పుట్, 200 మీటర్ల పరుగు ఉంటాయి. రెండో రోజు లాంగ్‌జంప్, జావెలిన్ త్రో, చివరగా 800 మీటర్ల పరుగు. ఒక్కో ఫలితానికి పట్టిక ప్రకారం పాయింట్లు వేస్తారు, ఏడింటి మొత్తం ఎవరికి ఎక్కువ వస్తే వారే విజేత. ఒక ఈవెంట్‌లో సున్నా వచ్చినా పోటీలో కొనసాగవచ్చు గానీ, ఒక్కదానిలోనైనా అసలు బరిలోకి దిగకపోతే తుది జాబితాలో స్థానం ఉండదు. తొమ్మిదో తరగతి నుంచి డిగ్రీ చివరి సంవత్సరం దాకా నా జీవితం ఈ పట్టిక చుట్టూనే తిరిగింది.

గురుకుల పాఠశాలలో పీఈటీ సార్ నన్ను ఎంపిక చేసింది లాంగ్‌జంప్ చూసి. మాది ఎర్రమట్టి గ్రౌండ్. మీట్ ఉన్నప్పుడు మాత్రమే సున్నంతో గీతలు గీసేవారు. వానాకాలంలో జంపింగ్ పిట్‌లోని ఇసుక గట్టిపడిపోయేది, అందుకని ప్రాక్టీసుకు ముందు పార తీసుకొని దాన్ని తవ్వి గుల్ల చేయడం మా పిల్లల పనే. హైజంప్‌కు ఫోమ్ బెడ్ లేకపోవడంతో ఆ ఇసుకలోనే ఒక కాలి తర్వాత ఒక కాలు బారు మీదుగా వేసే పాత పద్ధతి నేర్చుకున్నాను. వీపు బారు వైపు తిప్పి దూకే పద్ధతిని ఇంటర్‌లో హైదరాబాద్ వచ్చాకే మొదలుపెట్టగలిగాను. అలవాటైన అడుగులను మరిచి, వంపుగా పరుగెత్తుకు రావడం నేర్చుకోవడానికి దాదాపు ఒక సీజన్ పట్టింది. జిల్లాల్లో ఎందరో మంచి జంపర్లు ఆ ఒక్క ఫోమ్ బెడ్ లేకనే ఆగిపోయారని నేను గట్టిగా నమ్ముతాను.

హైదరాబాద్‌లో కోచ్ సార్ మొదట చేయించిన పని పరుగు కాదు, పట్టిక చదవడం. హైజంప్‌లో 1.50 మీటర్లకు 621 పాయింట్లు, 1.53 మీటర్లకు 655. అంటే మూడు సెంటీమీటర్లకు 34 పాయింట్లు. 800 మీటర్లను రెండున్నర నిమిషాల్లో పూర్తి చేస్తే 693, దానికంటే అయిదు సెకన్లు తగ్గిస్తే 757. "అమ్మా, నీ లాంగ్‌జంప్ బాగుంది, దాన్ని కాపాడుకుంటే చాలు. పాయింట్లు దాగి ఉన్నది నీకు నచ్చని ఈవెంట్లలోనే" అన్నారు. నాకు నచ్చనివి షాట్‌పుట్, 800 మీటర్లు. ఆ రోజు నుంచి వారంలో ఎక్కువ సమయం వాటికే వెళ్లింది.

స్కూల్ నుంచి కాలేజీకి మారే వయసులోనే ఈ క్రీడలో అతి కష్టమైన మలుపు వస్తుంది. అండర్-18 అమ్మాయిలకు హర్డిల్ ఎత్తు 76.2 సెంటీమీటర్లు, షాట్ బరువు 3 కిలోలు, జావెలిన్ 500 గ్రాములు. అండర్-20లో అడుగుపెట్టగానే అవి 83.8 సెంటీమీటర్లు, 4 కిలోలు, 600 గ్రాములు అవుతాయి. హర్డిల్‌కూ హర్డిల్‌కూ మధ్య దూరం మాత్రం మారదు, అదే ఎనిమిదిన్నర మీటర్లు. ఎత్తుగా దాటి దిగాక వేగం తగ్గుతుంది కనుక, మధ్యలోని మూడు అడుగులు నాకు సరిపోయేవి కావు. నాలుగో అడుగు పడితే టేకాఫ్ కాలు, అంటే ఎగరడానికి నేలను తన్నే కాలు, మారిపోయేది. డిగ్రీ మొదటి సంవత్సరంలో నా మొత్తం పాయింట్లు స్కూల్ రోజులకంటే తగ్గాయి. బయటివారికి అది వెనకబాటుగా కనిపించింది, కోచ్ సార్‌కు మాత్రం అలా అనిపించలేదు. ఆయన హర్డిల్స్‌ను కాస్త దగ్గరగా పెట్టించి, లయ కుదిరాక కొద్దికొద్దిగా జరుపుతూ వెళ్లారు.

నేను చేరిన కాలేజీలో మీట్లకు వెళ్లిన రోజులను హాజరులో కలపడానికి చాలాకాలం ఒప్పుకోలేదు. యూనివర్సిటీ స్పోర్ట్స్ విభాగం ఇచ్చిన లేఖలు పట్టుకొని ప్రతి సెమిస్టర్‌లోనూ తిరగవలసి వచ్చేది. ఆడే పిల్లలు ఆ కాగితాలకు జిరాక్సులు తీసి ఫైల్‌లో పెట్టుకోవాలి, ఆ పని మీట్ నుంచి తిరిగి వచ్చిన రోజే చేసుకోవాలి.

మా హాస్టల్ గదిలో మాటల మధ్య తరచుగా వచ్చిన పేరు మన దేశపు హెప్టాథ్లాన్ క్రీడాకారిణి జె.జె. శోభ. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో జావెలిన్ వేస్తూ చీలమండ దెబ్బతిని, స్ట్రెచర్ మీద బయటికి వెళ్లి, కట్టు కట్టుకొని వచ్చి 800 మీటర్లు పరుగెత్తి 11వ స్థానంలో నిలిచారామె. అదే సంవత్సరం ఆమె సాధించిన 6211 పాయింట్లు జాతీయ రికార్డు. తర్వాత మన గురుకులాల నుంచే వచ్చిన నందిని అగసార హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 5712 పాయింట్లతో కాంస్యం గెలిచింది. నాలుగో స్థానంలోని స్వప్నా బర్మన్‌కు 5708. ఆ నాలుగు పాయింట్లు 800 మీటర్లలో అర సెకనుకు కూడా సమానం కావు. ఆ వార్త చదివిన రోజు, ప్రాక్టీసులో గీత దాటేదాకా వేగం తగ్గించవద్దని సార్ ఎందుకు అరిచేవారో నాకు పూర్తిగా బోధపడింది.

చివరి సంవత్సరం ఇంటర్ యూనివర్సిటీ మీట్‌లో జావెలిన్ ముగిసేసరికి నేను నాలుగో స్థానంలో ఉన్నాను. మూడో స్థానంలోని అమ్మాయికీ నాకూ 38 పాయింట్ల తేడా. సార్ కంచె బయట నిలబడి లెక్క వేసి, ఆమెకంటే మూడు సెకన్లకు పైగా ముందు రావాలి, మొదటి రౌండ్‌లో ఆమె వెనకే ఉండు, 500 మీటర్ల దగ్గర దాటు అన్నారు. రెండు రోజుల అలసట తొడల్లో రాయిలా కూర్చుంది. చివరి రౌండ్ బెల్ మోగాక మొదటి మలుపు తిరిగి ఆమెను దాటాను. చివరి 150 మీటర్లలో కాళ్లు లేవకపోయినా చేతులు ఊపుతూనే గీత దాటాను. ఫలితాల కాగితం అతికించేదాకా తేడా సరిపోయిందో లేదో తెలియలేదు. సరిపోయింది. ఆ మూడో స్థానం సర్టిఫికెట్‌తోనే స్పోర్ట్స్ కోటాలో బీపీఈడీ (వ్యాయామ ఉపాధ్యాయ కోర్సు) సీటుకు దరఖాస్తు చేశాను.