మా అత్తగారి పుట్టింటి పేరు

మా అత్తగారి పుట్టింటి పేరు మర్గట్రాయిడ్. పెళ్లయిన కొత్తలో ఆ పేరుకి నాకు నోరు తిరిగేది కాదు. ఆవిడకి ఇప్పుడు 77 ఏళ్లు. తోడబుట్టిన వాళ్లెవరూ లేరు, కాబట్టి ఆ ఇంట్లో ఆ పేరు ఆవిడతోనే ఆగిపోయింది. ఒక క్రిస్మస్‌కి ఇంగ్లండ్‌లో, లీడ్స్‌లోని మా ఇంటికి వచ్చినప్పుడు, "మా నాన్న వాళ్లు ఎక్కణ్ణుంచి వచ్చారో తెలియకుండానే వెళ్లిపోతానేమో" అన్నారు. ఆ రాత్రే వెతకడం మొదలుపెట్టాను.

పేరుకి అర్థం తొందరగానే దొరికింది. మూర్, గేట్, రాయిడ్ అనే మూడు మాటలు కలిసిన పేరు అది. మూర్ అంటే కొండల మీద ఉండే బీడు. ఉత్తర ఇంగ్లండ్ పాత ఊరి పేర్లలో గేట్ అంటే తలుపు కాదు, దారి. రాయిడ్ అంటే చెట్లు కొట్టి సాగులోకి తెచ్చిన చెలక. బీడుకి వెళ్లే దారిలోని చెలక, అదీ ఇంటిపేరు. యార్క్‌షైర్‌లో హాలిఫాక్స్ పక్కనున్న వార్లీలో 1371లోనే ఆ పేరుగల కానిస్టేబుల్ ఒకాయన రికార్డుల్లో ఉన్నాడు. చదువుతుంటే మా నాన్నగారు గుర్తొచ్చారు. మా ఇంటిపేరు చెరుకుపల్లి. మేము ఆ ఊళ్లో ఎప్పుడూ ఉండలేదు, అయినా ఆ ఊరు మా పేరులో ఉంది. ఇక్కడా అంతే.

ఇలాంటి అరుదైన పేరుతో ఒక సుఖం ఉంది. స్మిత్ అయితే వేలమందిలో వెతకాలి, ఇక్కడ జనం తక్కువ. కష్టమల్లా స్పెల్లింగ్‌తోనే. రాసేవాడు చెవికి ఎలా వినిపిస్తే అలా రాసుకున్నాడు. ఇంగ్లీషులో మొదటి నాలుగు అక్షరాలు కొట్టి, మిగతావి ఏవైనా సరే అన్నట్టు పక్కన నక్షత్రం గుర్తు పెట్టి వెతికితే తప్ప సగం మంది బయటికి రాలేదు. అక్కడా ఆగకూడదు. మొదటి అచ్చునే మార్చి రాసిన వాళ్లు కూడా ఉన్నారు.

ఇంగ్లండ్, వేల్స్‌లలో పుట్టుక, పెళ్లి, చావు ప్రభుత్వం నమోదు చేయడం 1837 జులై 1న మొదలైంది. జనాభా లెక్కల్లో ఇంటింటి పేర్లు 1841 నుంచి వరసగా దొరుకుతాయి. 1931 లెక్కలు అగ్నిప్రమాదంలో కాలిపోయాయి, 1941లో లెక్కలే తీయలేదు. అందుకని 1921 నుంచి వెనక్కి నడిచాను. అందులో మా అత్తగారి నాన్నగారు ఆరేళ్ల పిల్లాడు.

1911 కాగితం దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాను. ఆ ఏడు ఫారాన్ని ఇంటి పెద్దే స్వయంగా నింపాలి, కాబట్టి కళ్ల ముందున్నది ఆవిడ తాతగారి చేతిరాత. పెళ్లయి ఎన్నేళ్లయింది, ఎంతమంది పుట్టారు, ఎంతమంది ఉన్నారు, ఎంతమంది పోయారు అని కూడా ఆ ఫారంలో అడిగారు. ఆయన రాసినవి: 8 ఏళ్లు, 5, 3, 2. పోయిన ఆ ఇద్దరి సంగతి మా అత్తగారు ఎప్పుడూ వినలేదు. జనన సూచికలో తల్లి పుట్టింటి పేరుతో కలిపి వెతికితే ఇద్దరి పేర్లూ దొరికాయి. ఒక పాప, ఒక బాబు. ఇద్దరికీ ఏడాది నిండలేదు. ఫోన్‌లో చెబితే ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ పేర్లు ఇంకోసారి చదవమన్నారు.

అక్కణ్ణుంచి 1851 దాకా సాఫీగానే సాగింది. ఆ ఏడు ప్రతి మనిషీ ఏ పారిష్‌లో, అంటే ఏ చర్చి పరిధిలో పుట్టాడో రాశారు, అత్తగారి పూర్వీకుడి పేరు ఎదురుగా వార్లీ అని ఉంది. 1841 లెక్కల్లో ఇది ఉండదు. పుట్టింది అదే కౌంటీలోనా (మన జిల్లా లాంటిది) కాదా అని మాత్రమే ఉంటుంది, పదిహేను దాటిన వాళ్ల వయసుల్ని కూడా చాలావరకు అయిదుల్లోకి తగ్గించి రాశారు. వయసు కలవలేదని నేను ఒక మనిషిని వదిలేసి, మళ్లీ వెనక్కి వెళ్లి తెచ్చుకున్నాను.

అసలు తప్పు ఆ తర్వాత చేశాను. 1837కి ముందు చర్చి రిజిస్టర్లే గతి. హాలిఫాక్స్ పారిష్ చాలా పెద్దది. అందులో 1796లో ఒకే పేరున్న ఇద్దరు మర్గట్రాయిడ్ పిల్లలకి బాప్తిస్మం జరిగింది, తండ్రుల పేర్లూ ఒకటే. ఎవరో పెట్టిన వంశవృక్షంలో అందులో ఒకణ్ణి జేమ్స్ మర్గట్రాయిడ్‌కి కలిపారు. 1640ల్లో కీత్లీ దగ్గర ఈస్ట్ రిడిల్స్‌డెన్ హాల్ కట్టించిన బట్టల వ్యాపారి ఆయన. నేను సంబరపడిపోయి మా అత్తగారిని ఆ భవనం చూపించడానికి తీసుకెళ్లాను. మూడు నెలలు ఆ కొమ్మ మీదే కూర్చున్నాను. చివరికి ఖననాల రిజిస్టరు తిరగేస్తే, ఆ పిల్లాడు రెండేళ్లకే పోయాడని తేలింది. ఇలాంటి పనికి దిగేవాళ్లకి నేను చెప్పేది ఒకటే, బాప్తిస్మం దొరకగానే ఖననం కూడా చూడండి. అత్తగారికి ఆ సంగతి చెప్పడానికి రెండు రోజులు టెన్షన్ పడ్డాను. ఆవిడ మాత్రం "అయితే మనవాళ్లెవరు?" అని అడిగారంతే.

మనవాళ్లు నేతగాళ్లు. 1813 నుంచి బాప్తిస్మం రిజిస్టర్లలో తండ్రి వృత్తి రాసే గడి ఉంది, అందులో చూశాను. వాళ్ల ముందు తరం పెళ్లి 1795లో హాలిఫాక్స్‌లో జరిగింది. 1754లో కొత్త పెళ్లి చట్టం అమల్లోకి వచ్చాక పెళ్లి రిజిస్టరులో ఇద్దరూ సంతకం చేయాలి. పెళ్లికొడుకు వణికే చేత్తో పెట్టిన ఇంటూ గుర్తు ఉంది. పెళ్లికూతురు మాత్రం తన పుట్టింటి పేరు పూర్తిగా రాసింది.

ఆ పేజీ ప్రింటు తీసి ఇచ్చాను. మా అత్తగారు కళ్లజోడు పెట్టుకుని, ఆ సంతకం మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కున్నారు. "ఈమె ఎవరి పిల్లో కూడా చూడవా?" అన్నారు.

వార్లీ ఒకప్పుడు వేక్‌ఫీల్డ్ మేనర్ (మన జమీందారీ లాంటిది) కింద ఉండేది. ఆ మేనర్ కోర్టు రికార్డులు 1274 నుంచి ఉన్నాయి, లీడ్స్ యూనివర్సిటీలోనే భద్రపరిచారు. 1733కి ముందువి ఎక్కువ లాటిన్‌లో ఉంటాయి. అందుకని రాత్రిపూట పాపని పడుకోబెట్టాక లాటిన్ నేర్చుకుంటున్నాను. "కొడుకు", "భార్య", "విధవ", "పొలం" అనే మాటలు వచ్చాయి. పెళ్లికూతురి ఇంటిపేరు మాత్రం మర్గట్రాయిడ్ కంటే అరుదైనది. ముందు ఆమె దగ్గరే మొదలుపెట్టాను.