నెక్టురస్ మీద నా సెమినార్

ఎమ్మెస్సీ జువాలజీ రెండో సంవత్సరంలో సెమినార్ టాపిక్‌లు చీటీలు తీయించి ఇచ్చారు. నాకు వచ్చిన చీటీలో "ఫిజియాలజీ పరిశోధనల్లో నీటి సాలమాండర్లు" అని ఉంది. సాలమాండర్‌ను నేను ఎన్నడూ చూడలేదు. పాకాలలో లేదు, రామప్పలో లేదు, మా పరకాల వైపు ఏ కుంటలోనూ లేదు. సాలమాండర్లు కప్పల్లాగే ఉభయచరాలు, కానీ తోక ఉంటుంది. ఇలా తోక ఉన్న ఉభయచరాలు మన దేశంలో డార్జిలింగ్ కొండల్లో, ఈశాన్యం వైపు మాత్రమే ఉంటాయి. పైగా నాది డిగ్రీ దాకా తెలుగు మీడియం. ఇరవై నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడాలంటే టెన్షన్. హనుమకొండలో హాస్టల్ గదికొచ్చి చీటీని నోట్సులో పెట్టేసి, రెండు రోజులు దాని జోలికే పోలేదు.

తర్వాత దొరికిందంతా పోగేశాను. ఆక్సొలాటల్ అనే సాలమాండర్‌కు తెగిన కాలు మళ్లీ మొలవడం, ఆంఫియూమా అనే ఇంకో సాలమాండర్ ఎర్ర రక్తకణం, నెక్టురస్ అనే మరో సాలమాండర్ రెటీనాలో (కంటి లోపలి పొరలో) ఒక్కో కణం నుంచి సంకేతాలు రికార్డు చేసిన వెర్బ్లిన్, డౌలింగ్‌ల 1969 నాటి పని. నలభై స్లైడ్లయ్యాయి. గైడ్ మేడమ్ ఓపిగ్గా అన్నీ చూశారు. "ఇన్ని పేర్లు చెప్పావు గానీ, ఒక్కదాంతోనైనా మనకు ఏం తెలిసిందో చెప్పలేదమ్మా. ఒక్క ప్రశ్న పట్టుకో" అన్నారు.

ఆ ప్రశ్న ఇంటి నుంచి వచ్చింది. బాపుకు షుగర్. డాక్టర్ కొత్తగా డాపాగ్లిఫ్లోజిన్ అనే గోళి రాశారు. ఒకరోజు రాత్రి ఫోన్ చేసి, "బిడ్డా, రక్తంల షుగర్ తగ్గిందంటున్నరు. మూత్రంలనేమో మూడు ప్లస్‌లు వచ్చినయ్. గీ గోళి పనిచేస్తలేదా?" అని అడిగాడు. అదేం కాదు, గోళి ఆపొద్దని డాక్టర్ చెప్పారట. అయినా బాపు మనసు ఒప్పుకోలేదు. జువాలజీ చదువుతున్న బిడ్డగా నా దగ్గర జవాబు ఉండాలి. అప్పటికి లేదు.

పదో తరగతిలో కిడ్నీ గురించి "రక్తకేశనాళికా గుచ్ఛంలో రక్తం వడపోతకు గురవుతుంది, నాళికలో అవసరమైన పదార్థాలు పునఃశోషణ చెందుతాయి" అని బట్టీ పట్టి రాసినదాన్ని. ఆ వాక్యం తేలడానికి ఎన్నేళ్లు పట్టిందో ఇప్పుడు చదువుతుంటే తెలిసింది. కిడ్నీ వడపోస్తుందని 1840లలోనే లుడ్విగ్ అన్నాడు. కాదు, నాళిక కణాలే మూత్రాన్ని స్రవిస్తాయని హైడెన్‌హైన్ వాదించాడు. ఇద్దరిలో ఎవరిది నిజమో చెప్పాలంటే ఆ గుచ్ఛం, అంటే సన్నటి రక్తనాళాల ఉండ, పక్కనే దిగిన చుక్కను పట్టుకుని చూడాలి. ఆ పని 1924లో ఫిలడెల్ఫియాలో వెర్న్, రిచర్డ్స్ చేసి చూపించారు. బతికున్న కప్ప కిడ్నీలో గుచ్ఛాన్ని చుట్టి ఉండే బౌమన్ గుళికలోకి సన్నటి గాజు పిపెట్ గుచ్చి ద్రవం తీశారు. అందులో ప్రొటీన్ లేదు, చక్కెర ఉంది. అదే కప్ప మూత్రాశయంలో చక్కెర లేదు. అంటే చక్కెర ముందు దిగుతోంది, దారిలో మళ్లీ రక్తంలోకి పోతోంది.

చదివితే అర్థమైంది గానీ, ఆ చేతిపని ఎంత కష్టమో నాకు అందలేదు. ల్యాబ్‌లో గాజు కేశనాళిక తీసుకుని బర్నర్ మీద సాగదీయబోయాను. మంటలో కరిగి వంగిపోయింది. మళ్లీ చేస్తే కొస మూసుకుపోయింది. ల్యాబ్ అన్న చూసి, "మంటలనే లాగకమ్మా. మెత్తబడంగనే బయటికి తీసి ఒక్కసారి గుంజు" అన్నాడు. ఆరోసారికి వెంట్రుకలాంటి కొస వచ్చింది. ఇయోసిన్ అనే ఎర్ర రంగులో ముంచితే ఎర్ర గీత సన్నగా పైకి పాకింది. దాన్ని మైక్రోస్కోప్ కింద నా సొంత రక్తం స్మియర్ పక్కన పెట్టి చూశాను. నేను ఎంతో సన్నం అనుకున్న కొస, ఎన్నో రక్తకణాలు పక్కపక్కన పేర్చినంత లావుంది! ఇంతకన్నా సన్నటి కొసను కదులుతున్న కిడ్నీలో, ఒక్క గొట్టంలో గుచ్చి నిలపాలంటే ఆ గొట్టం పెద్దదైనా కావాలి, చేయి దేవుడిదైనా కావాలి.

నెక్టురస్ దగ్గర ఆ గొట్టం పెద్దది. అమెరికా సరస్సుల్లో, నదుల్లో ఉండే అడుగు పొడవు జంతువు ఇది. మెడకు రెండు పక్కలా ఎర్రటి కుచ్చుల్లా బాహ్య మొప్పలు, అవి బతికినన్నాళ్లూ ఉంటాయి. దాని గుచ్ఛాలు, నాళికలు, కణాలు అన్నీ పెద్దవే. నాళికలో ఎక్కడ కావాలంటే అక్కడ ద్రవం తీయవచ్చు. 1937లో వాకర్, హడ్సన్ అలాగే కప్పల్లో, నెక్టురస్‌లో చూశారు. చక్కెర వెనక్కి పోయేది నాళిక మొదటి భాగంలోనే. ఆపిల్ చెట్టు బెరడులో దొరికే ఫ్లోరిజిన్ ఇస్తే మాత్రం పోదు, మూత్రంలోకి దిగుతుంది.

ఆ పేరు దగ్గర ఆగిపోయాను. బాపు గోళి ఆ ఫ్లోరిజిన్‌ను నమూనాగా పెట్టుకుని తయారైన మందుల్లోదే. నలభై స్లైడ్లలో ముప్పై తీసేశాను.

సెమినార్ రోజు మొదటి రెండు నిమిషాలు గొంతు వణికింది. బోర్డు మీద నాళిక బొమ్మ గీయడం మొదలుపెట్టాక సర్దుకుంది. వెనక నుంచి ఒక సర్, "కప్ప మనకు దొరుకుతుంది కదా, ఇదెందుకు?" అని అడిగారు. కణం సైజు చెప్పాను. మన ఎర్ర రక్తకణం ఏడెనిమిది మైక్రాన్లయితే, ఆంఫియూమాది దాదాపు డెబ్బై. కణంలో డీఎన్‌ఏ ఎక్కువైన కొద్దీ కణమూ పెరుగుతుంది. 2018లో ప్రచురించిన ఆక్సొలాటల్ జన్యుపటం దాదాపు 3,200 కోట్ల అక్షరాలు, మనదానికి పదింతలు. ఇంగ్లీషు రెండుచోట్ల తడబడింది, అక్కడ తెలుగులో చెప్పేశాను. ఎవరూ ఏమీ అనలేదు.

ఆ శనివారం ఊరికెళ్లి చార్టు మీద అదే బొమ్మ బాపుకు గీసి చూపించాను. ఇక్కడ చక్కెర దిగుతుంది, ఇక్కడ గోడ మళ్లీ గుంజుకుంటుంది, గోళి ఆ గుంజుకునేదాన్ని ఆపుతుంది, అందుకే బయటికి పోతుంది అని.

"అంటే మూత్రంల ప్లస్‌లు వచ్చుడే దాని పనా?"

"అవును బాపూ."

బొమ్మ పక్కన నేను గీసిన నెక్టురస్‌ను చాలాసేపు చూశాడు. "గిది ఇంకా బతికున్నదా?" అన్నాడు. ఉందని, చలికాలంలో సరస్సు మీద మంచు గడ్డకట్టినా దాని కింద తిరుగుతూనే ఉంటుందని చెప్పాను. చార్టును నాలుగు మడతలు పెట్టి తన రిపోర్టుల కవర్లో పెట్టుకున్నాడు.