చిన్నప్పటి నేను నా మాట వింటాడా?

కంచంలో చెయ్యి ఎండిపోయింది, టీవీలో ‘ఒకే ఒక జీవితం’ వస్తోంది మరి. శర్వానంద్ 1998లోకి వెళ్ళి, ఎప్పుడో చనిపోయిన అమ్మ ముందు నిలబడతాడు, తనెవరో వెంటనే చెప్పలేడు. అమల ముఖం చూస్తూ నేనూ ముద్ద మింగలేకపోయాను.

ఏడిపించింది అమ్మే గానీ, సాయంత్రం దాకా బుర్రలో తిరుగుతున్నది మాత్రం వెన్నెల కిశోర్ గొడవ. చిన్నప్పటి తననే పట్టుకుని చదువుకోరా బాబూ అని తంటాలు పడతాడు. వాడెందుకు వింటాడు? ఆ వయసులో మా మావయ్య చెప్తేనే వినలేదు, జుట్టు పలచబడ్డ ఎవరో అంకుల్ వచ్చి ‘నేనే నువ్వు’ అంటే వింటానా!

నాకు ఛాన్సొస్తే చదువు ఊసే ఎత్తను. వాడికో గోలీసోడా ఇప్పించి, ఆ టేప్‌రికార్డర్ విప్పకురా, నాన్న తాట తీస్తాడు అని మాత్రం చెప్తా.