ఒక్క రెమ్మేగా!

కేరళలో మున్నార్ నుంచి బయల్దేరి పూప్పార దాటాక మా జీపు కదిలితే ఒట్టు. 2022 అక్టోబరు. శాంతన్‌పార దగ్గర కళ్ళిప్పార కొండమీద పన్నెండేళ్ళకోసారి పూసే నీలకురింజి పూసిందని టీవీలన్నీ మోగించేశాయి. 2018లో మున్నార్ దగ్గరి రాజమలలో ఇది పూసినప్పుడు కేరళ వరదల దెబ్బకు ప్రయాణం మానుకున్నవాణ్ణి, ఈసారి వదలదల్చుకోలేదు. జీపు రేటు మాత్రం మున్నార్‌లో మా గది అద్దెను మించిపోయింది. బేరమాడితే "నడిచి వెళ్ళండి సార్" అన్నాడు డ్రైవరు. ఆ జామ్‌లో నడిచినవాళ్ళే మాకన్నా ముందు చేరారు కూడా.

పైకెక్కగానే చిరాకంతా ఎగిరిపోయిందని రాయాలనే ఉంది గానీ, సగమే పోయింది. వాలంతా ఊదారంగే, నిజమే. దగ్గరికెళ్తే గుబురు పొదలు, అంచులకు రంపపు పళ్ళున్న ఆకులు, కంకుల్లా గుత్తులు కట్టిన గంట పూలు, వాటిలోకి తలదూర్చి వెనక్కి పాకే తేనెటీగలు. పొదల మొదట్లో నీళ్ళ సీసాలు, చిప్స్ కవర్లు.

అంతలో విజిల్. ఫారెస్ట్ వాచరు ఒకావిడ హ్యాండ్‌బ్యాగులోంచి పూల రెమ్మలు తీయిస్తున్నాడు.

"ఒక్క రెమ్మేగా నాయనా, దేవుడి పటానికి!"

అచ్చ తెలుగు! నాకు నవ్వొచ్చింది. అది చూసి వాచరు నన్ను పిలిచి, తన వచ్చీరాని తమిళంలో విషయం చెప్పి, ఆవిడకు తెలుగులో చెప్పమన్నాడు. ఈ మొక్క పన్నెండేళ్ళు పెరిగి ఒక్కసారే పూస్తుంది, గింజ రాల్చి చచ్చిపోతుంది. పువ్వే కోసేస్తే గింజ ఎక్కడిది? తేయాకు, యూకలిప్టస్ తోటలు కొండల్ని మింగేశాక మిగిలిందే ఇంత. (2024లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ కూడా దీన్ని ముప్పున్న జాతుల జాబితాకెక్కించింది.)

"మా అరకులో వలిసె పూలు కోస్తే ఎవరేమంటారు?" అందావిడ.

"అది ఏటా విత్తే పంటమ్మా. అక్కడా రైతులు డబ్బు తీసుకునే చేలోకి దిగనిస్తున్నారు," అన్నాను.

ఆవిడ గొణుగుతూనే రెమ్మలు వాచరు చేతిలో పెట్టింది. "మళ్ళీ ఎప్పుడట?"

లెక్క ప్రకారం ఇక్కడైతే 2034, రాజమల వైపైతే 2030. ఆవిడ వేళ్ళమీద తన వయసు లెక్కేసుకుంది.

"అయితే రాజమలకే వస్తాంలే. అక్కడ ఫారెస్టు వాళ్ళ బస్సులుంటాయటగా, ఈ జీపులవాళ్ళ దోపిడీ ఉండదు."

ఆ ఒక్క విషయంలో నేనూ ఆవిడ పక్షమే.